సర్క్యూటు పలకలు చెక్కు యంత్రము: చిక్కబళ్ళాపుర ప్రాంతపు విద్యాలయములకు తగిన ఎన్నిక

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంట తెలుగు, బడిలో కన్నడము, కళాశాలలో ఇంగ్లీషు అను మూడు మెట్ల నెక్కి ఇంజనీరింగు విద్యకు చేరుకొను బాలబాలికలు అనేకులు కలరు. ఈ నేలకు ఇంజనీరింగు క్రొత్త కాదు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు 1861లో జన్మించిన ముద్దేనహళ్ళి చిక్కబళ్ళాపుర పట్టణమునకు చేరువనే యున్నది. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము గ్రామమునుండి తరలివచ్చిన తెలుగువారు. వారు మైసూరు దివానుగా నున్న కాలమున, 1917లో, బెంగుళూరిలో ఇంజనీరింగు కళాశాల వెలసినది. వారి పేర 1998లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయమునకు నేడు ముద్దేనహళ్ళిలో ఒక కేంద్రము కలదు. చిక్కబళ్ళాపురములో 1986 నుండి ఒక ఇంజనీరింగు కళాశాల నడచుచున్నది. చింతామణిలో పాలిటెక్నిక్ కలదు. బెంగుళూరునకు పోకుండగనే ఎలక్ట్రానిక్సు నేర్చుకొను వీలు ఈ విధముగా కలిగినది.

అయితే ఎలక్ట్రానిక్సు విద్య పుస్తకముతో ముగియునది కాదు. విద్యార్థి కాగితముపై గీసిన సర్క్యూటు ఒక పలకగా మారవలెను. ఆ పలకపై భాగములకు టంకము వేయవలెను. విద్యుత్తు ప్రసరించినప్పుడు అది పనిచేయకపోవలెను. ఎందులకు పనిచేయలేదో కనుగొని, బొమ్మను దిద్ది, రెండవ పలక చేయవలెను. ఈ రెండవ పలక దగ్గఱనే అసలు చదువు మొదలగును. మొదటిదానికిని రెండవదానికిని నడుమ ఒక గంట పట్టునా, రెండు వారములు పట్టునా అనుదానిపై విద్యార్థి ఎంత నేర్చుకొనుననునది ఆధారపడియున్నది. ఆ వ్యవధిని గంటకు తగ్గించుటకై విశ్వవిద్యాలయములు మిల్లింగు యంత్రములను కొనుచున్నవి. ప్రయోగశాలకు ఒకమారు నిధి లభించినచో మరల లభించుట చాల కాలమునకు గాని జరుగదు. కావున యంత్రపు ఎన్నికలో జరుగు పొరపాటు ఆ ఏటి విద్యార్థులతో పోక, తరువాత వచ్చు అనేక బృందములను బాధించును.

మిల్లింగు అనగానే ఈ సీమవారికి స్ఫురించునది పిండిమర. రాగిసంగటి తినెడి సీమ గదా! కాని ఈ యంత్రము ఆడించునది రాగులను గాదు, చెక్కునది రాగిని. 1953లో బెంగుళూరిలో స్థాపితమైన హెచ్.ఎం.టి. పేరు విన్నవారికి మిల్లింగు యంత్రమనగా ఉక్కును కోయు భారీ యంత్రము జ్ఞప్తికి వచ్చును. సర్క్యూటు పలకల యంత్రము ఆ జాతిదే గాని బల్లపై నిలుచునంత చిన్నది. అది తీయవలసిన రాగిపొర మందము సామాన్యముగా 0.035 మిల్లీమీటరు మాత్రమే. తలవెండ్రుక కంటెను అది పలుచన.

ఈ పనిని గ్రహించుటకు మన ప్రాంతముననే చక్కని పోలిక కలదు. నంది గ్రామమందలి భోగనందీశ్వరాలయమునకు సంబంధించి సుమారు క్రీ.శ. 810 నాటి బాణరాజుల రాగిశాసనములు లభించినవి. శాసనము చెక్కువాడు రాగిరేకుపై ఉలితో గాడి తీయును. ఆ గాడియే అక్షరము. సర్క్యూటు పలకలో ఇది తలక్రిందులైనది. యంత్రము తీయు గాడి కేవలము సరిహద్దు. గాడికి లోపల మిగిలిన రాగియే విద్యుత్తునకు దారి. ఒక దారిని తక్కిన రాగినుండి వేఱుచేయుటకు దాని చుట్టును గాడి తీసినచో చాలును. మిగిలిన రాగిని మొత్తము తొలగింపనక్కఱలేదు. కావుననే యంత్రమునకు ఈ పని సులభసాధ్యమైనది.

రాగిపొర అంటించిన పలకపై సర్క్యూటును అచ్చొత్తు పద్ధతిని ఆస్ట్రియా దేశీయుడైన పాల్ ఐస్లర్ 1936 ప్రాంతమున లండనులో రేడియో కొఱకు ప్రయోగించెను. నాటినుండి నేటివరకు కర్మాగారములలో ప్రధానముగా నడచునది రసాయన పద్ధతి. కావలసిన రాగిని ఒక పూతతో కప్పి, మిగిలినదానిని ద్రావకములో కరగించుటయే అది. కళాశాలలలో ఫెర్రిక్ క్లోరైడు ద్రావకముతో ఈ పని చాలకాలముగా చేయించుచున్నారు. అది చౌక, చిన్న తొట్టియు, రబ్బరు తొడుగులును ఉన్న చాలును. మఱి యంత్ర మెందులకు?

సమాధానము కొంతవఱకు ఈ జిల్లా నీటిలోనే యున్నది. నంది కొండల ప్రాంతమున పుట్టు పెన్న, చిత్రావతి, పాపఘ్ని నదులు ఆంధ్రదేశమునకు పోవునవే గాని, ఇచ్చట ఏడాది పొడవునను పాఱునవి కావు. బాగేపల్లి, చింతామణి పల్లెలు లోతైన బోరుబావులపై ఆధారపడినవి. ఆ నీటిలో ఫ్లోరైడు బాధ ప్రజలకు తెలియనిది కాదు. హెబ్బాళ–నాగవార లోయ పథకము క్రింద బెంగుళూరిలో శుద్ధిచేసిన మురుగునీటిని తెచ్చి చిక్కబళ్ళాపుర జిల్లా చెరువులను నింపుచున్నారు. నీటికి ఇంతటి కఱవు గల చోట, కరగిన రాగితో కూడిన ద్రావకమును ప్రయోగశాల తూములో పోయుట తగని పని. దానిని విడిగా నిలువచేసి, శాస్త్రీయముగా పారవేయు ఏర్పాటు ఉన్నచో రసాయన పద్ధతిని నిందింప బనిలేదు. ఆ ఏర్పాటు లేనిచోట యంత్రమే మేలు. అది మిగుల్చునది పొడి మాత్రమే. ఆ పొడి సంగతి ముందు రాగలదు.

యంత్రము కొనక మునుపు తేల్చుకొనవలసిన మఱియొక సంగతి కలదు. చిక్కబళ్ళాపురమునుండి బెంగుళూరు సుమారు 60 కిలోమీటర్లు. బాగేపల్లి నుండి సుమారు 100. రెండు ఊళ్ళును 44వ నంబరు జాతీయ రహదారిపైననే యున్నవి. బెంగుళూరిలో పలకలు చేసి యిచ్చు కర్మాగారములు కలవు. విదేశములనుండి తెప్పించుకొనువారును కలరు. అచ్చట రంధ్రముల లోపలి గోడలకు రాగిపూత పూయుదురు, పలకపై ఆకుపచ్చని రక్షణపొర వేయుదురు, నాలుగు పొరల పలకలనైనను చేయుదురు. మేజాపై నిలుచు ఏ మిల్లింగు యంత్రమును ఇవన్నియు చేయలేదు. పలక ఒక్కింటికి పడు వెలలో గూడ యంత్రము కర్మాగారముతో పోటీపడజాలదు. కనుక యంత్రము కొన్నచో బెంగుళూరునకు పోనక్కఱలేదని అమ్మకందారు చెప్పినచో ఆ మాట నమ్మరాదు. మొదటి మూడు పలకలు కళాశాలలోను, పరీక్షకు నిలిచిన చివరి పలక కర్మాగారములోను జరుగుట సరియైన విభజన. యంత్రమును ఎన్నుకొనుటలో గుర్తుంచుకొనవలసిన మొదటి సూత్ర మిదియే. తప్పులు చేయుటకై కొను యంత్రమిది. అందువలన అది చివరి పలకకు కావలసినంత నాణెముగా చేయలేకపోయినను నష్టము లేదు.

మఱి ఇచ్చటి విద్యార్థులు చేయు పలకలు ఎట్టివి? శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతములు పట్టుపరిశ్రమకు పేరొందినవి. పట్టుపురుగుల ఇంటిలో చిన్నవయసు పురుగులకు 26–28 డిగ్రీల వేడిమియు, నూటికి 80–90 పాళ్ళ తేమయు కావలెను. పెద్దవైన పిదప 24–25 డిగ్రీలు, 70–75 పాళ్ళు. ఈ రెంటిని కొలిచి హెచ్చరించు సాధనము ఈ ప్రాంతపు విద్యార్థికి సహజమైన అభ్యాసము. బోరుబావిలో నీరు తగ్గినప్పుడు మోటారు కాలిపోకుండ ఆపు సాధనము రెండవది. వీటిలో వాడు ఐసీలు రెండు మూడు. తక్కినవి నిరోధకములు, రిలేలు, తీగలు తగిలించు కొక్కెములు. పాతరకపు ఐసీల కాళ్ళ నడుమ దూరము 2.54 మి.మీ.; పలక పైననే అతుకు మధ్యరకపు ఐసీలలో 1.27 మి.మీ. ఇట్టి పనికి 0.4 మి.మీ. గాడి తీయు ములికి చాలును. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1998లో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ ప్రారంభించిన పాఠక్రమములోను, దానినుండి పుట్టిన ఫ్యాబ్‌ల్యాబులలోను విద్యార్థులు అంగుళములో 64వ వంతు, అనగా సుమారు 0.4 మి.మీ. ములికితోనే కొన్ని వేల పలకలను చెక్కిరి. ఎం.ఐ.టి. వెలుపల అట్టి తొలి కేంద్రములలో ఒకటి 2002లో ఏర్పడినది మన దేశముననే, మహారాష్ట్రములోని పాబళ్ గ్రామమందలి విజ్ఞానాశ్రమములో. కుగ్రామమున సాధ్యమైనది జిల్లాకేంద్రమున సాధ్యము కాకపోదు.

ఇక యంత్రము సంగతి. దాని నిర్మాణము సులభముగా తెలియదగినదే. పలకను బిగించు పీఠము, దానిపై ముందు వెనుకలకును కుడియెడమలకును క్రింది మీదులకును కదలు తల, ఆ తలలో గిరగిర తిరుగు కదురు, కదురు కొసన ములికి. నూలు వడకువారికిని పట్టు తీయువారికిని తెలిసిన కదురు అను మాట ఇచ్చట చక్కగా అతుకును. కంప్యూటరులో గీసిన బొమ్మ గెర్బర్ అను ఫైలుగా వెలువడి, మఱియొక సాఫ్ట్‌వేరుచే ములికి నడచు దారిగా మార్చబడి, యంత్రమునకు చేరును. బొమ్మ గీయుటకు కైక్యాడ్, దారి నిర్ణయించుటకు ఫ్లాట్‌క్యామ్ వంటివి వెల లేకుండ లభించుచున్నవి. యంత్రముతోపాటు ఏటేటా రుసుము చెల్లింపవలసిన సాఫ్ట్‌వేరు తప్పనిసరియగునేమో కొనుటకు ముందే అడుగవలెను. రుసుము ఆగిన నాడు యంత్రము ఆగునట్టి బేరము కళాశాలకు తగదు.

కరపత్రములలో పెద్ద అక్షరములతో కనబడునది సూక్ష్మత అను అంకె. మిల్లీమీటరులో వేయవ వంతు అని గూడ వ్రాయుదురు. ఆ అంకె అబద్ధము కాదు. కాని అది మోటారు వేయు అడుగు కొలత. ములికి తీయు గాడి కొలత వేఱు. గాడి ఎంత వెడల్పుగా పడుననునది మూడు విషయములపై ఆధారపడును: పలక ఎంత సమతలముగా నున్నది, కదురు ఎంత ఊగుచున్నది, మరలలో ఎంత లూజు కలదు. ఈ మూడును కరపత్రములో కానరావు.

మొదటిది అన్నిటికంటె ముఖ్యము గనుక కొంచెము లెక్క వేసి చూతము. సన్నని గాడికి వాడు ములికి కొన వి ఆకారమున ఉండును. దాని కొన వెడల్పు 0.1 మి.మీ., కోణము 60 డిగ్రీలు అనుకొందము. 0.1 మి.మీ. లోతు దిగినప్పుడు గాడి పైవెడల్పు సుమారు 0.22 మి.మీ. పలక ఒక మూల 0.1 మి.మీ. ఉబ్బియున్నచో అచ్చట ములికి 0.2 మి.మీ. దిగును, గాడి 0.33 మి.మీ. అగును. మఱియొక మూల అంతే పల్లముగా నున్నచో ములికి రాగిని తాకనే తాకదు. దారులు రెండును కలిసియే యుండిపోవును. అదే 30 డిగ్రీల ములికియైనచో ఆ రెండు లోతులకు గాడి 0.15, 0.21 మి.మీ. మాత్రమే. భేదము తగ్గినది గాని, ములికి కొన సన్ననిది గనుక విఱుగుట ఎక్కువ. చూడుడు: 0.1 మి.మీ. ఎత్తుపల్లము నూటికి ఏబది పాళ్ళ తప్పును తెచ్చిపెట్టినది! 1.6 మి.మీ. మందము గల సామాన్యపు పలక గోదాములో పడియుండి అంతకంటె ఎక్కువగనే వంగియుండును.

దీనికి మందు రెండు విధములు. పీఠముపై ఒక అడుగుపలకను బిగించి, దానిని ఆ యంత్రముతోనే పైపైన చెక్కించి సమతలము చేసి, ఆపై రాగిపలకను రెండువైపుల అంటు పట్టీతో గట్టిగా అదుముట మొదటిది. రెండవది తాకిచూచు పద్ధతి. ములికి మెల్లగా దిగి రాగిని తాకగానే విద్యుత్ వలయము పూర్తియగును. ఆ చోటి ఎత్తును యంత్రము గుర్తుంచుకొనును. ఇట్లు నిలువున అయిదు, అడ్డముగా అయిదు, మొత్తము 25 చోట్ల తాకిచూచి, పలక వంకరను అనుసరించి ములికిని పైకిని క్రిందికిని నడపును. ఈ సౌకర్యము లేని యంత్రమును సర్క్యూటు పలకల కొఱకు కొనరాదని నిశ్చయముగా చెప్పవచ్చును. విచిత్రమేమనగా, వెల తక్కువ గల యంత్రములలో గూడ రెండు తీగలతో ఈ సౌకర్యమును ఏర్పఱచుకొనవచ్చును.

కదురు విషయము. చిన్న ములికి వేగముగా తిరుగవలెను. 0.2 మి.మీ. వ్యాసము గల ములికి నిమిషమునకు 10,000 చుట్లు తిరిగినచో దాని అంచు నిమిషమునకు 6 మీటర్ల చిల్లర మాత్రమే నడచును; 60,000 చుట్లైనచో సుమారు 38 మీటర్లు. నెమ్మదిగా తిరుగు ములికిని తొందరగా నడిపించినచో అది రాగిని కోయుటకు బదులు చించును; గాడి అంచున బూరు లేచును; అదియే ప్రక్కదారిని తాకి షార్టు అగును. కదురు నెమ్మదియైనచో నడక గూడ నెమ్మదిగా నుండవలెను. ఇది కాలమునకు సంబంధించిన లోపమే గాని నాణ్యమునకు సంబంధించినది కాదు. ములికి నడువవలసిన దారి మొత్తము 3 మీటర్లు, వేగము నిమిషమునకు 240 మి.మీ. అనుకొన్నచో పని పండ్రెండున్నర నిమిషములలో ముగియును. విద్యార్థి టీ త్రాగి వచ్చునంత సేపు. ఆ మాత్రము ఆలస్యమునకు లక్షల రూపాయలు అదనముగా వెచ్చించుట యుక్తమా అని ఆలోచింపవలెను. కదురు ఊగుట మాత్రము క్షమింపరాని దోషము. 0.05 మి.మీ. ఊగినచో గాడి అంతమేర వెడల్పగును. ములికి కొన త్వరగా విఱుగును.

లూజు సంగతి మన మెకానిక్కులు ఎఱిగినదే. మరచుట్టు గల ఇరుసు ఒకవైపు తిరిగి, మరల వెనుకకు తిరుగునప్పుడు తల కదలక క్షణకాలము వట్టిగా తిరుగును. దాని ఫలితమును కన్నులతో చూడవచ్చును: యంత్రముచే ఒక వృత్తమును చెక్కింపుడు, లూజు ఉన్నచో వృత్తము గ్రుడ్డువలె వచ్చును.

బజారులో లభించు యంత్రములు స్థూలముగా మూడు తెగలు. మొదటిది, 30 × 18 సెంటీమీటర్ల పీఠమునుబట్టి 3018 అని పిలువబడు విడిభాగముల యంత్రము. దీనిని విద్యార్థులే కూర్చి బిగింపవచ్చును; వెల వేలలో నుండును. కదురు మోటారు సామాన్యమైనది; చట్రము బలహీనము; నాలుగు దిక్కుల తెఱపి గనుక దుమ్మునకును వ్రేళ్ళకును రక్షణ లేదు. రెండవది, రోలండ్ కంపెనీవారి ఎస్.ఆర్.ఎం.-20 వంటి మూతగల బల్లయంత్రము. దాని పనితావు సుమారు 203 × 152 మి.మీ.; కదురు నిమిషమునకు 7,000 చుట్లకు మించి తిరుగదు; అయినను ఫ్యాబ్‌ల్యాబులలో చాలకాలము నమ్మకముగా పనిచేసిన జాతి ఇది. మూడవది, సర్క్యూటు పలకల కొఱకే నిర్మింపబడిన జర్మనీ దేశపు ఎల్.పి.కె.ఎఫ్. వంటివారి యంత్రములు. 1976లో స్థాపితమైన ఆ సంస్థ పేరే జర్మను భాషలో సర్క్యూటు పలకలను నకలు చెక్కుట అను అర్థము గల మాటలనుండి వచ్చినది. వారి మేలురకములలో కదురు 60,000 మొదలు 1,00,000 చుట్ల వరకు తిరుగును. ములుకులను యంత్రమే మార్చుకొనును. పలక రెండవ వైపు త్రిప్పినప్పుడు గుర్తులను కెమేరాతో చూచి సరిపెట్టుకొనును. వెల లక్షలలో నుండును.

ఈ మూడవ తెగ ఎవరికి తగునో స్పష్టపఱచుట మంచిది. రేడియో తరంగములపై పరిశోధన చేయువారికి అది తగును. ఈ జిల్లాలోనే గౌరిబిదనూరు దగ్గఱ భారత ఖభౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి నిర్మించిన రేడియో దూరదర్శిని 1976 నుండి 34.5 మెగాహెర్ట్‌జ్ తరంగములతో ఆకాశమును పరిశీలించినది. ఆ తరంగపు పొడవు సుమారు 8.7 మీటర్లు. అంతటి తరంగమునకు పలకపై గాడి కొంచెము లోతుగా దిగినను దిగకున్నను లెక్కలేదు. కాని 10 గిగాహెర్ట్‌జ్ తరంగము పొడవు 3 సెంటీమీటర్లే. అచ్చట రెండు రాగిరేఖల నడుమ గల సన్నని ఎడముపై ఆధారపడి ఫిల్టర్లు నిర్మింతురు. ఆ ఎడము కొంచెము మాఱినను, గాడి లోతుగా దిగి క్రింది పదార్థము కొంత పోయినను, ఫిల్టరు వేఱొక తరంగమును పట్టును. వాలు అంచుల గాడి తీయు వి-ములికి అట్టి పనికి తగదు. నిలువు అంచుల ములికియు, వేగము గల కదురును, గట్టి చట్రమును కావలెను. స్నాతకోత్తర స్థాయిలో ఇట్టి పరిశోధన జరుగుచున్న విభాగము జర్మనీ యంత్రమును కోరినచో కాదనరాదు. పరిశోధన ఎన్నడో జరుగగలదను ఆశతో పట్టభద్ర తరగతుల నిధిని దానికి ధారపోయుట మాత్రము సమర్థనీయము కాదు.

ఈ అభిప్రాయమునకు ఆధారము మనుష్య స్వభావము. లక్షలు పోసి కొన్న ఒకే యంత్రము గాజుగదిలో చేరును. గదికి తాళము పడును. తాళపుచెవి ఒకరి దగ్గఱ నుండును. ములికి విఱుగునేమో, పద్దు వ్రాయువారు ప్రశ్నింతురేమో అను భయముతో విద్యార్థులకు చూపుటయే గాని చేతికిచ్చుట జరుగదు. ఏటికొకమారు తనిఖీకి వచ్చినవారి యెదుట అది తిరుగును. ఇంట తెలుగు మాటలాడి, ఇంగ్లీషులో ప్రశ్న అడుగుటకు జంకు పల్లెటూరి విద్యార్థి ఆ గది గడప దాటుట మఱియు కష్టము. అంతకంటె తక్కువ సొమ్ముతో మూతగల మధ్యరకపు యంత్రములు రెండు గాని మూడు గాని కొన్నచో ఒకటి మరమ్మతులో నున్నను తక్కినవి పనిచేయును. వాటితోపాటు 3018 రకము ఒకటి విప్పి బిగించుటకై ఉంచవచ్చును. యంత్రమెట్లు పనిచేయునో తెలిసికొనుటకు దానిని మించిన పాఠ్యపుస్తకము లేదు. యంత్రము చూపు సందేశముల అర్థమును, ములుకుల కొలతలను, చేయవలసిన పనుల క్రమమును తెలుగు, కన్నడ భాషలలో వ్రాసి గోడకు తగిలించుట ఖర్చులేని పని. కదురు, ములికి, గాడి, టంకము అను మాటలు మనకు ఉండనే యున్నవి. టంకము కంసాలివాని ఇంటినుండి వచ్చినదే గదా.

ఇక దుమ్ము. దీనియందు రాజీ కూడదు. సామాన్యముగా దొఱకు ఎఫ్.ఆర్.-4 పలక గాజునారను ఎపాక్సీ జిగురుతో కలిపి చేసినది. దానిని చెక్కునప్పుడు లేచు సన్నని గాజుపొడి కంటికిని, చర్మమునకును, ఊపిరితిత్తులకును హాని. కాగితమును ఫినాలిక్ జిగురుతో కలిపి చేసిన ఎఫ్.ఆర్.-1 పలకలో గాజు లేదు. ములికి గూడ తొందరగా మొద్దుబాఱదు. అభ్యాసమునకు ఎఫ్.ఆర్.-1నే వాడుట ఉత్తమము. ఏ పలక వాడినను యంత్రమునకు మూత, సన్నని పొడిని పట్టు హెపా వడపోత గల వాక్యూమ్ క్లీనరు, ముఖమునకు ముసుగు తప్పనిసరి. నోటితో ఊది పొడిని తొలగించు అలవాటును మొదటినాడే మాన్పింపవలెను. వాక్యూమునకు సొమ్ము చాలనిచో యంత్రపు రకమును తగ్గించుకొని యైనను దానిని కొనవలెను.

విద్యుత్తు పోయినప్పుడు ములికి పలకలోనే నిలిచిపోయి, మరల వచ్చిన పిదప యంత్రము తానెక్కడ నున్నదో మఱచును. ప్రతి దిక్కునను మొదటి స్థానమును గుర్తించు స్విచ్చులు ఉన్నచో అదే చోటినుండి పని సాగింపవచ్చును. చిన్న యు.పి.ఎస్. ఒకటి యంత్రమునకును కంప్యూటరునకును కలిపి పెట్టుట అవసరము.

రెండు వైపుల రాగి గల పలకలను గుఱించి ఒక మాట. పలకను త్రిప్పినప్పుడు పై బొమ్మయు క్రింది బొమ్మయు కలియుటకు పీఠములో రెండు మేకులు నాటి, పలకకు అందుకు సరిపడు రంధ్రములు చేయుదురు. రంధ్రముల లోపల రాగిపూత ఉండదు గనుక సన్నని తీగ దూర్చి రెండువైపులను టంకము వేయుటయో, చిన్న రాగి రివెట్లు కొట్టుటయో చేయవలెను. ఇది ఓపికతో కూడిన పని. విద్యార్థులు ఒకటి రెండు మాఱులు చేసి, ఒకే వైపు రాగితో సర్క్యూటును గీయుట నేర్చుకొందురు. అదియు మంచి విద్యయే.

ఖర్చు యంత్రముతో తీఱదు. ములుకులు వాడకమున మొద్దుబాఱును, నేర్చుకొనువారి చేతిలో విఱుగును. నిధిలో కనీసము పదవ వంతు ములుకులకును పలకలకును విడిగా నుంచుట మంచిది. లేనిచో మొదటి డజను విఱిగిన నాడే యంత్రమునకు గుడ్డ కప్పవలసివచ్చును. మరమ్మతు చేయువాడు బెంగుళూరినుండి రెండు గంటలలో రాగలడా, విదేశమునుండి భాగము తెప్పింపవలెనా అనునది గూడ ధరపత్రమునందే వ్రాయించుకొనవలెను. యంత్రములను కొనక మునుపు చూడగోరువారు హైదరాబాదులో 2023 మార్చిలో ప్రారంభమైన టి-వర్క్స్ వంటి నమూనాల కేంద్రమును దర్శించుట ఉపయోగకరము. అమ్మకందారు గదిలో చూచుటకును, నిత్యము వాడబడు చోట చూచుటకును చాల భేదము కలదు.

చివరకు కొనునప్పటి పరీక్ష. అమ్మకందారు తెచ్చిన నమూనా పలకను చూచి మెచ్చుకొనరాదు. కళాశాల తన ఫైలును, తన గోదాములోని పలకను ఇయ్యవలెను. పట్టుపురుగుల ఇంటి సాధనపు బొమ్మయే చాలును. దానికి నాలుగు మూలలను, నడిమిని ఒక్కొక్క చిన్న వృత్తమును, 1.27 మి.మీ. ఎడము గల ఐసీ కాళ్ళ మెట్టలను చేర్పవలెను. కళాశాల గదిలోనే, కళాశాల విద్యుత్తుతోనే చెక్కింపవలెను. వృత్తము గుండ్రముగా వచ్చినదా, అయిదు చోట్లను గాడి ఒకే వెడల్పున నున్నదా అని భూతద్దముతో చూడవలెను. ప్రక్కప్రక్క దారులు కలిసియున్నవేమో మీటరుతో పరీక్షింపవలెను. నడుమ ఒకమాఱు విద్యుత్తును ఆపి, మరల పెట్టి, పని సాగునో లేదో చూడవలెను. మఱునాడు అమ్మకందారు మనిషి గదిలో లేనప్పుడు, అదే ఫైలుతో, గోడమీద వ్రాసిన క్రమమును చదువుకొని, రెండవ సంవత్సరపు విద్యార్థిని ఒకతె ఆ పలకను తానుగా చెక్కవలెను. ఆ రెండవ పలక వచ్చిన పిదప సొమ్ము చెల్లింపవచ్చును.